అతుకు నిలుస్తుంది... పక్కన ఇనుము విరుగుతుంది

ఊరి వెల్డింగు షాపు నుంచి రాకెట్ ఇంజను దాకా ఒకటే చిక్కు
హైదరాబాదు పరిశోధనశాలల్లో దశాబ్దాలుగా దానిపైనే కృషి

శ్రీనగర్ కాలనీ, హైదరాబాదు: పల్లెల నుంచి నిమ్స్ ఆసుపత్రికి వచ్చేవారికి పంజాగుట్ట చౌరస్తా కొత్త కాదు. నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైన ఆ దవాఖానాను పాతకాలం వారు ఇప్పటికీ ఎముకల దవాఖానా అనే పిలుస్తారు. దానికి దగ్గర్లోనే శ్రీనగర్ కాలనీ. కాలనీ నుంచి చౌరస్తాకు నడిచి వచ్చే ఈ కొద్ది దారిలోనే మూడు రకాల లోహపు పని ఉంది.

మొదటిది కాలనీ ఇళ్ల గేట్లు, కిటికీ గ్రిల్లులు, మేడమెట్ల రెయిలింగులు. పాత ఇల్లు తీసి అపార్టుమెంటు కట్టే చోటల్లా వెల్డరు నీలి వెలుగు మెరుస్తూనే ఉంటుంది. రెండోది తల ఎత్తి చూస్తే స్తంభాలపై సాగిపోయే మెట్రో రైలు పట్టాలు. మూడోది బయటికి కనిపించదు. ఆసుపత్రిలో విరిగిన తొడకు, అరిగిన తుంటికి డాక్టర్లు లోపల అమర్చే లోహం అది.

గేటు ఊడితే మళ్లీ అతికించుకోవచ్చు. పట్టా విరిగితే రైలు పడుతుంది. తుంటిలో లోహం విరిగితే మనిషి మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాలి. ఈ మూడింటినీ కలిపే ప్రశ్న ఒక్కటే. లోహాన్ని కరిగించి మళ్లీ గడ్డ కట్టిస్తే అది మునుపటిలా నిలుస్తుందా? ఊరి వెల్డరుకు రోజూ ఎదురయ్యే ఈ ప్రశ్న మీదనే నగరంలోని పెద్ద పెద్ద పరిశోధనశాలలు దశాబ్దాలుగా పని చేస్తున్నాయి.

ఇద్దరి మాటా నిజమే

ట్రాక్టరు ట్రాలీ హుక్కు విరిగిందనుకుందాం. రైతు దాన్ని వెల్డింగు షాపుకు తెస్తాడు. వెల్డరు దిట్టంగా రెండు వరసలు వేసి ఇస్తాడు. నెల తిరక్కముందే అది మళ్లీ విరుగుతుంది. తీరా చూస్తే వేసిన అతుకు చెక్కు చెదరలేదు. దాని పక్కన, గోరంత దూరంలో ఇనుము చీలిపోయి ఉంటుంది.

"నా వెల్డింగు ఊడలేదన్నా, నీ ఇనుమే బాగాలేదు" అంటాడు వెల్డరు. "ఇన్నేళ్లు విరగని ఇనుము నువ్వు ముట్టుకున్నాకే విరిగింది గదా" అంటాడు రైతు. పల్లెల్లో ఈ తగవు పాతదే. నిజానికి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

కమ్మరి కొడవలికి పదును పెట్టే పద్ధతి అందరూ చూసిందే. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతాడు. చుయ్యిమని పొగ లేస్తుంది. ఇనుము గట్టిపడుతుంది. గట్టిపడినంత పెళుసు కూడా అవుతుంది. అందుకే కమ్మరి దానికి మళ్లీ కొంచెం కాక చూపించి పెళుసు తగ్గిస్తాడు.

వెల్డింగులో నీళ్లు లేకపోయినా జరిగేది ఇదే. ఇనుము సుమారు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాడ్డు కొసన పుట్టే మంట అంతకన్నా ఎన్నో రెట్లు వేడి. కరిగిన ఇనుము చుట్టూ ఉన్నది చల్లటి ఇనుము. అది ఆ వేడిని ఒక్క ఉదుటున లాగేసుకుంటుంది. దాంతో అతుకును ఆనుకుని ఉన్న కొద్ది మిల్లీమీటర్ల మేర కరగకుండానే ఎర్రబడి, వెంటనే చల్లారిపోతుంది. నీళ్లలో ముంచకుండానే నీళ్ల పదును పడినట్లే. ఆ పట్టీ పెళుసెక్కుతుంది. బరువు లాగినప్పుడు మొదట తెగేది అదే. ఇంజనీర్లు దీన్ని హీట్ ఎఫెక్టెడ్ జోన్ అంటారు. అంటే వేడి సోకిన పట్టీ అని అర్థం.

ఎంత పెళుసెక్కుతుందనేది ఇనుములో ఉన్న కర్బనాన్ని బట్టి ఉంటుంది. గేట్లకు వాడే మెత్తని ఇనుములో నూరు కిలోలకు కర్బనం పావు కిలో కూడా మించదు. అందుకే గేటు వెల్డింగుకు ఈ బాధ తక్కువ. లారీ కమాను పట్టీలో నూరు కిలోలకు అర కిలో పైనే ఉంటుంది. పోత ఇనుములో రెండు కిలోలు దాటుతుంది. కమాను పట్టీతో నాగలి కర్రు చేయించినా, పగిలిన పోత ఇనుప పంపును అతికించినా పక్కనే మళ్లీ చీలిక రావడానికి కారణం ఇదే.

దీనికి మందు కూడా కమ్మరి కొలిమిలోనే ఉంది. అతికే ముందు ముక్కను సమంగా వేడి చేయాలి. అతికాక గాలికి వదలకుండా పొడి బూడిదలోనో, పొడి ఇసుకలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. పెద్ద కర్మాగారాల్లో లక్షల రూపాయల కొలుములు పెట్టి చేసేదీ ఇదే పని.

తడి రాడ్డు తెచ్చే చేటు

రెండో శత్రువు తేమ. వానాకాలంలో రాడ్ల పెట్టె విప్పి మూలన పడేస్తే రాడ్డు పైపూత చెమ్మ పీల్చుకుంటుంది. మంట తగలగానే ఆ చెమ్మ విడిపోయి అందులోని హైడ్రోజన్ కరిగిన ఇనుములోకి దూరుతుంది. ఇనుము గడ్డ కట్టాక అది బయటికి రాలేక లోపలే మెల్లగా కదులుతూ పెళుసెక్కిన పట్టీలో చేరుతుంది.

ఈ పగులుకు ఒక చెడ్డ గుణం ఉంది. అది వెంటనే కనిపించదు. పని ముగించి, రంగు వేసి, బండి ఇంటికి చేరాక కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో లోపల చీలిక పుడుతుంది. బరువైన పనులకు వాడే లో హైడ్రోజన్ రాడ్లను వాడే ముందు 300 డిగ్రీలు దాటిన ఓవెన్లో ఆరబెట్టాలని నిబంధన పెట్టింది అందుకే. ఏ రాడ్డును ఎంత వేడిలో ఎంతసేపు ఆరబెట్టాలో పెట్టె మీదే అచ్చు వేసి ఉంటుంది. చాలా షాపుల్లో ఆ అచ్చు చదివేవారు తక్కువ.

రేవులోనే రెండు ముక్కలైన ఓడ

వెల్డింగు పక్క ఇనుమును శాస్త్రంగా చదవాలన్న పట్టుదల లోకానికి వచ్చింది ఒక పెద్ద నష్టం వల్ల. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఓడలను తొందరగా కట్టాలని రివిట్లు మానేసి వెల్డింగు పట్టుకుంది. లిబర్టీ ఓడలని పేరు పెట్టి 2,700 పైచిలుకు సరకు ఓడలు కట్టింది.

1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండు దగ్గర ఒక ఓడ నిర్మాణ కేంద్రంలో కట్టి ఉన్న షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ పెద్ద చప్పుడుతో దాదాపు రెండు ముక్కలైంది. తుపాను లేదు. బాంబు పడలేదు. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. రాత్రి చలి మాత్రం గట్టిగా ఉంది. లిబర్టీ ఓడల్లోనూ అనేకం ఇలాగే పగుళ్లిచ్చాయి.

మొదట నింద వెల్డర్ల మీద పడింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ అనే లోహ శాస్త్రవేత్త దీన్ని పట్టుదలగా పరిశోధించారు. ఆ రోజుల్లో ఓడలకు వాడిన ఉక్కు చలికి గాజులా పెళుసెక్కుతున్నదని ఆమె రుజువు చేశారు. రివిట్లు కొట్టిన ఓడలో ఒక రేకులో చీలిక వస్తే ఆ రేకు అంచు దగ్గర ఆగుతుంది. వెల్డింగు చేసిన ఓడ అంతా ఒకే రేకు లాంటిది. చీలికను ఆపే అంచు ఎక్కడా లేదు.

ఆ ఓడలు నేర్పిన పాఠం ఏమిటంటే, అతుకును ఒక్కదాన్నే చూస్తే చాలదు. అతికే ఉక్కు, అతికించే రాడ్డు, అతికే పద్ధతి మూడూ కలిసి కుదరాలి. అప్పటి నుంచి వెల్డింగు ఒక చేతి పనిగానే కాక, ఒక శాస్త్రంగా కూడా ఎదిగింది.

పట్టాల కింద మోగని చప్పుడు

పంజాగుట్టలో తలపైన పోయే మెట్రో రైలుకు పాత రైళ్లలా టకటకమనే చప్పుడు వినిపించదు. పూర్వం రెండు పట్టాల మధ్య కొద్దిగా సందు వదిలి ఫిష్ ప్లేట్లతో బిగించేవారు. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా దెబ్బ పడేది. ఆ చప్పుడు అదే. ఇప్పుడు పట్టాలను వరసగా వెల్డింగు చేసి కలిపేస్తున్నారు.

పట్టాలు పరిచిన చోటే అతికించడానికి థర్మిట్ అనే పద్ధతి ఉంది. జర్మనీకి చెందిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో దీనికి దారి చూపారు. అల్యూమినియం పొడిని, ఇనుప తుప్పు లాంటి ఆక్సైడు పొడిని కలిపి అంటిస్తారు. వేడి 2 వేల డిగ్రీలు దాటి ఇనుము కరిగి, పట్టాల మధ్య కట్టిన అచ్చులోకి జారుతుంది. కరెంటు అక్కర లేదు. గట్టు మీద, అడవిలో, ఎక్కడైనా పని చేస్తుంది.

అయితే ఇక్కడా పక్కనున్న ఇనుము సంగతి మరవకూడదు. అందుకే అతికే ముందు పట్టాల కొసలను వేడి చేస్తారు. అతికాక శబ్ద తరంగాలు పంపే పరికరంతో లోపల బుడగ, చీలిక ఉందేమో వెదుకుతారు. గర్భిణికి స్కానింగ్ తీసే సూత్రమే ఇది. మనిషి కంటికి కనిపించని పగులును పట్టుకునే ఈ విద్య లేకపోతే అతుకుల పట్టాల మీద రైలును వేగంగా నడపడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

నగరంలో నాలుగు కొలుములు

ఈ శాస్త్రానికి హైదరాబాదు దేశంలోనే ముఖ్యమైన చోటు. నగరానికి ఆగ్నేయంగా కంచన్‌బాగ్ ప్రాంతంలో రక్షణ శాఖ వారి లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది. 1963లో ఇక్కడ పని మొదలు పెట్టింది. పక్కనే ప్రత్యేక ఉక్కులు, టైటానియం తయారుచేసే మిధాని సంస్థ 1973లో ఏర్పడింది. అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో వచ్చింది. లోహపు పొడుల మీద, పూతల మీద పరిశోధించే ఏఆర్‌సీఐ 1997లో బాలాపూర్ వద్ద ఏర్పడింది.

కృష్ణా జిల్లా కవుతరం గ్రామంలో పుట్టిన లోహ శాస్త్రవేత్త డాక్టర్ పల్లె రామారావు డీఎంఆర్‌ఎల్‌కు డైరెక్టరుగా పని చేశారు. దేశ శాస్త్ర సాంకేతిక శాఖ కార్యదర్శిగా ఎదిగారు. 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. కొలిమి విద్యలో పల్లె బిడ్డలు ఎంత దూరం పోగలరో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ సంస్థల్లో జరిగే పనిలో అతుకుకు ఎంత విలువ ఉందో రెండు ఉదాహరణలు చూస్తే తెలుస్తుంది.

ఒకటి యుద్ధనౌక విక్రాంత్. దానికి కావలసిన ఉక్కును బయటి దేశం నుంచి తెప్పించుకోవడం కష్టమైంది. డీఎంఆర్‌ఎల్, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కలిసి డీఎంఆర్ 249ఏ అనే ఉక్కును దేశంలోనే రూపొందించాయి. సెయిల్ సుమారు 30 వేల టన్నుల ఉక్కు సరఫరా చేసింది. ఉక్కు తయారైతే సరిపోలేదు. చలి నీళ్లలోనూ అతుకు, దాని పక్క పట్టీ రెండూ పెళుసెక్కకుండా ఉండే రాడ్లు కూడా కావలసి వచ్చాయి. వాటినీ దేశంలోనే సమకూర్చుకున్నారు. కొచ్చిలో కట్టిన ఆ నౌక 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. షెనెక్టడీ ఓడ నేర్పిన పాఠం వృథా పోలేదు.

రెండోది అణు ఇంధనం. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియం బిళ్లలను జిర్కోనియం మిశ్రమ లోహపు సన్నని గొట్టాల్లో నింపి రెండు కొసలూ వెల్డింగుతో మూస్తారు. 220 మెగావాట్ల కేంద్రానికి పంపే ఒక్కో కట్టలో 19 గొట్టాలుంటాయి. కట్ట పొడవు అర మీటరు. అంటే మూతలకే 38 అతుకులు. ఇందులో ఏ ఒక్కటి కారినా రియాక్టరులోని నీటిలో విషం కలుస్తుంది. గేటు వెల్డింగులో నూటికి ఒకటి తప్పినా సర్దుకోవచ్చు. ఇక్కడ ఒక్కటి కూడా తప్పకూడదు.

కరిగించడమే చిక్కు తెస్తున్నప్పుడు కరిగించకుండా అతికితే ఏమన్న ఆలోచన కూడా వచ్చింది. 1991లో ఇంగ్లండులోని వెల్డింగు సంస్థ ఒక పద్ధతి కనిపెట్టింది. గిర్రున తిరిగే గట్టి మేకును రెండు రేకుల సందులో దింపి ముందుకు నడిపిస్తారు. రాపిడి వేడికి లోహం పిండిలా మెత్తబడి, కలిసి ముద్దవుతుంది కానీ కరగదు. కొలిమిలో రెండు ముక్కలను కాక మీద సమ్మెటతో కొట్టి ఒకటి చేసే మన కమ్మరి విద్యకు ఇది దగ్గరి చుట్టం. మామూలు వెల్డింగుకు లొంగని అల్యూమినియం మిశ్రమాలకు ఇది వరమైంది.

అరిగిన షాఫ్టు నుంచి కొత్త విద్య

వెల్డింగు అంటే అతకడమే కాదు, నింపడం కూడా. ట్రాక్టరు షాఫ్టు అరిగితే దాని మీద వరస పక్కన వరసగా వెల్డింగు నింపి, లేతు మీద తిప్పి పాత కొలతకు తెస్తారు. చక్కెర ఫ్యాక్టరీల్లో చెరకు పిండే రోలర్లకు పళ్లు అరిగిపోతే వాటి మీద గట్టి లోహం పోస్తారు. అసలు షాఫ్టే లేకుండా మొదటి నుంచి అలా నింపుకుంటూ పోతే? మొత్తం వస్తువే తయారవుతుంది గదా!

ఇదే ఇప్పుడు లోహపు త్రీడీ ప్రింటింగ్ పేరుతో ప్రపంచమంతా మాట్లాడుకుంటున్న విద్య. ప్రింటింగ్ అన్నారు కానీ ఇందులో కాగితం, సిరా ఏమీ ఉండవు. ఒక మూసిన పెట్టెలో పీఠం మీద లోహపు పొడిని వెంట్రుక మందం కన్నా పలుచగా పరుస్తారు. లేజరు కిరణం ఆ పొడి మీద ముగ్గు గీసినట్లు గీస్తుంది. గీసిన చోట పొడి కరిగి గడ్డ కడుతుంది. పీఠం కొంచెం కిందికి దిగుతుంది. మళ్లీ పొడి, మళ్లీ గీత. మట్టి గోడను వరస మీద వరస పెట్టి లేపినట్లు వస్తువు లేస్తుంది. లోపల గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు నింపుతారు.

లెక్క వేస్తే ఇందులో వెల్డింగు ఎంత ఉందో ఆశ్చర్యం కలుగుతుంది. 5 సెంటీమీటర్ల నిడివి, వెడల్పు, ఎత్తు ఉన్న గట్టి ముక్కను తీసుకుందాం. ఒక్కో పొర మిల్లీమీటరులో 25వ వంతు అనుకుంటే 1,250 పొరలు అవుతాయి. పొరలో గీతకు గీతకు మధ్య మిల్లీమీటరులో పదో వంతు దూరం ఉంటే పొరకు 500 గీతలు, అంటే 25 మీటర్లు. మొత్తం 31 కిలోమీటర్లు దాటిన వెల్డింగు! పంజాగుట్ట నుంచి శంషాబాద్ విమానాశ్రయం ఇంచుమించు అంత దూరం. గుప్పిట్లో పట్టే ముక్కలో అంత అతుకు దాగి ఉంటుంది.

19 అతుకులు మాయం

దీని లాభం ఏమిటో ఇస్రో చూపించింది. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నాలుగో అంచెకు వాడే పీఎస్4 ఇంజనును ఈ పద్ధతిలో తయారు చేయించి 2024 మే 9న తమిళనాడులోని మహేంద్రగిరిలో 665 సెకన్ల పాటు మండించి పరీక్షించింది. అంతకు ముందు ఆ ఇంజనులో 14 భాగాలుండేవి. కొత్త పద్ధతిలో అది ఒక్కటే ముక్క. 19 వెల్డింగు అతుకులు తప్పాయి. పాత పద్ధతిలో ఒక ఇంజనుకు 565 కిలోల లోహం తెచ్చి, కొట్టి, తురిమి తయారు చేయాలి. కొత్త పద్ధతిలో 13.7 కిలోల పొడి సరిపోయింది. తయారీ కాలం నూటికి 60 వంతులు తగ్గింది.

2018లో హైదరాబాదులో పుట్టిన స్కైరూట్ సంస్థ కూడా ఈ దారిలో నడిచింది. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఆ సంస్థ ఎగరేసిన విక్రమ్-ఎస్ దేశంలో ప్రైవేటు సంస్థ తయారు చేసిన మొదటి రాకెట్. అది 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. రాకెట్‌ను తన చుట్టూ తాను తిప్పి నిలకడగా ఉంచే చిన్న థ్రస్టర్లను త్రీడీ ప్రింటింగ్‌తోనే చేశారు. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 2022 ఫిబ్రవరిలో ఈ విద్యకు జాతీయ విధానం ప్రకటించింది. దీనికి జాతీయ కేంద్రాన్ని హైదరాబాదులోనే నెలకొల్పారు.

చిక్కు పోలేదు, చోటు మారింది

19 అతుకులు పోయాయంటే పగులు భయం పోయినట్లేనా? కాదు. ముక్క మొత్తం అతుకే అయినప్పుడు, వేడి సోకిన పట్టీ కూడా ముక్క మొత్తం ఉన్నట్లే. పైపొర గీసినప్పుడల్లా కింది పొరకు మళ్లీ వేడి తగులుతుంది. పదును పడుతుంది, పోతుంది, మళ్లీ పడుతుంది. ఒకే ముక్కలో అడుగున ఒక గుణం, పైన ఒక గుణం రావచ్చు.

శాస్త్రజ్ఞులను వేధించే లోపాలు ముఖ్యంగా మూడు. లేజరు బలం చాలకపోతే పొడి సరిగా కరగక పొరల మధ్య సందులు మిగులుతాయి. వాన తడికి మట్టి గోడలో వరసలు విడిపోయినట్లు ముక్క అక్కడ విడిపోతుంది. లేజరు బలం మితిమీరితే కరిగిన గుంటలో లోతైన సన్నని బావి ఏర్పడి, అది కూలి అడుగున బుడగ మిగులుతుంది. మూడోది లోపలి బిగువు. కరిగిన ప్రతి గీతా చల్లారుతూ ముడుచుకోవాలని చూస్తుంది. కింది పొర దాన్ని వదలదు. వేల పొరల బిగువు చేరి ముక్క వంకర తిరుగుతుంది, కొన్నిసార్లు పీఠం మీదే పగులుతుంది. గేటు ఫ్రేము వెల్డింగు చేస్తే మూల వంకర పోయేది కూడా ఈ బిగువు వల్లనే.

వీటికి వెదికిన విరుగుళ్లు కూడా వెల్డింగు నుంచి వచ్చినవే. పీఠాన్ని ముందే వేడి చేస్తారు. పొడిని తేమ తగలకుండా దాస్తారు. తయారైన ముక్కను కొలిమిలో పెట్టి బిగువు తీస్తారు. టైటానియం ముక్కలనైతే 900 డిగ్రీల పైచిలుకు వేడిలో, గాలి ఒత్తిడికి వెయ్యి రెట్ల ఒత్తిడిలో ఉంచి లోపలి బుడగలను నొక్కి మూస్తారు. ఆ తర్వాత మనిషికి తీసినట్లే ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీసి చూస్తారు. ముందు వేడి, పొడి రాడ్డు, నెమ్మదిగా చల్లార్చడం, లోపల చూడడం. ఊరి షాపుకు చెప్పిన నాలుగు మాటలే ఇక్కడా!

ఎముక ఒప్పుకునే లోహం

పంజాగుట్ట దారిలో మూడోదిగా చెప్పుకున్న లోహానికి ఈ విద్య ఎలా పనికొస్తుందో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. తుంటి కీలు అరిగినవారికి అమర్చే గిన్నె ఎముకకు గట్టిగా పట్టుకోవాలి. నున్నని లోహాన్ని ఎముక అంత తొందరగా పట్టుకోదు. తేనెపట్టులా చిన్న చిన్న గదులుంటే ఎముక వాటిలోకి పెరిగి వేళ్లూనుకుంటుంది. అలాంటి గదులను లేతు మీద తురమడం అసాధ్యం. పొర మీద పొర పేర్చే పద్ధతిలో అది సులువు. 2007లో ఇటలీలో ఒక డాక్టరు ఈ పద్ధతిలో చేసిన టైటానియం తుంటి గిన్నెను మొదటిసారి రోగికి అమర్చారు.

ఇంకో లాభం కూడా ఉంది. ఉక్కు ఎముక కన్నా పదింతలు బిర్రు. బిర్రు లోహం బరువంతా తానే మోస్తే పక్కన ఎముక పని లేక బక్కచిక్కుతుంది. టైటానియం బిర్రు ఉక్కులో సగమే. గదులు పెడితే ఇంకా తగ్గుతుంది. ఎముక, లోహం బరువు పంచుకుంటాయి. అయితే మనిషి ఒక్క ఏడాదిలోనే లక్షల అడుగులు వేస్తాడు. లోపల ఒక్క బుడగ దాగినా అన్ని లక్షల అడుగుల తాకిడికి అది పగులుగా మారవచ్చు. అందుకే ఈ లోహానికి పరీక్షలు అంత కఠినంగా ఉంటాయి.

వెల్డరు పొట్ట కొడుతుందా?

యంత్రం వచ్చిందంటే చేతి పనివాడికి గుబులు సహజం. కానీ ఈ యంత్రాల ఖరీదు కోట్లలో ఉంది. పొడి ధర కూడా మామూలు ఇనుము ధరతో పోల్చలేనంత ఎక్కువ. గేటుకు, ట్రాలీకి ఇవి వచ్చే రోజు కనుచూపు మేరలో లేదు. పైగా పొడికి బదులు మామూలు వెల్డింగు తీగతో, మామూలు ఆర్క్ మంటతో పెద్ద వస్తువులను పేర్చే పద్ధతి కూడా ఉంది. 2021 జూలైలో నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలా చేసిన 12 మీటర్ల ఉక్కు నడక వంతెనను ఆరంభించారు. మర చేతులు వెల్డింగు వరస మీద వరస వేసి దాన్ని నిర్మించాయి. ఆ మర చేతికి ఎంత కరెంటు, ఎంత వేగం, ఎంత విరామం అని నేర్పడానికి కావలసింది వెల్డింగు తెలిసిన మనిషే.

ఐటీఐల్లో వెల్డరు కోర్సు ఏడాది. 8వ తరగతి పాసైతే చేరవచ్చు. గల్ఫుకు పోవాలన్నా, కర్మాగారంలో చేరాలన్నా ఏటవాలుగా బిగించిన గొట్టాన్ని కదపకుండా చుట్టూ అతికించే పరీక్ష నెగ్గాలి. ఆ అతుకును ఎక్స్‌రే తీస్తారు, వంచి చూస్తారు. చేతి వాటంతో పాటు ఇనుము గుణం తెలిసినవాడికే ఆ పరీక్ష తేలిక.

షాపుకు పోయినప్పుడు రైతులు కూడా కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. విరిగిన ముక్క కమాను పట్టీయా, పోత ఇనుమా, మెత్తని ఇనుమా అన్నది వెల్డరుకు ముందే చెప్పాలి. మనుషులు ఎక్కే ట్రాలీ హుక్కు, ఇరుసు వంటి వాటికి పాత రాడ్డుతో హడావిడి అతుకు వేయించుకోకూడదు. వేడి మీదున్న అతుకు మీద నీళ్లు చల్లనివ్వకూడదు. ఒకసారి అతుకు పక్కన విరిగిన హుక్కును మళ్లీ అతికించే కన్నా మార్చుకోవడమే మేలు. వెల్డింగు వెలుగును అద్దం లేకుండా చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్లవుతుంది. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. జింకు పూత ఉన్న గొట్టాలను మూసిన గదిలో అతికితే ఆ పొగకు జ్వరం వస్తుంది.

రాకెట్‌కు, యుద్ధనౌకకు, తుంటి ఎముకకు పనికొచ్చిన శాస్త్రం హైదరాబాదు నుంచి 50 కిలోమీటర్ల దూరంలోని వెల్డింగు షాపుకు ఇంకా పూర్తిగా చేరలేదు. పరిశోధనశాలల వారు, ఐటీఐల వారు కలిసి మండల కేంద్రాల్లో ఏడాదికి ఒకటి రెండు సార్లు వెల్డర్లకు శిబిరాలు నడిపితే పెద్ద ఖర్చేమీ కాదు. రాడ్లు ఆరబెట్టుకునే ఒక చిన్న ఓవెను, ముక్కకు ఎంత వేడి ఎక్కిందో చూపే సుద్దముక్క ఇచ్చినా చాలు. పత్తి బస్తాలతో, కూలీలతో నిండిన ట్రాలీ చెరువు కట్ట మీద పోతున్నప్పుడు దాన్ని పట్టి ఉంచేది ఆ ఒక్క హుక్కే. దానికీ రాకెట్ ఇంజనుకు ఇచ్చినంత శ్రద్ధ దక్కాలి.